గుజ్జు అమ్ముడైంది, డబ్బు రాలేదు: చిత్తూరు లెక్కల్లో క్యాష్ ఫ్లో

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీకి కాయ వచ్చేది జూన్, జులై నెలల్లో. ఎంత సాగదీసినా ఆగస్టుతో సరి. ఆ కొద్ది వారాల్లోనే ఏడాదికి కావలసిన కాయంతా కొనాలి, మాగబెట్టాలి, గుజ్జు తీయాలి, క్రిములు చేరని అసెప్టిక్ సంచుల్లో నింపి డ్రమ్ములకెత్తాలి. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరే ఆ రోజుల్లో డబ్బు ఒకవైపే నడుస్తుంది, బయటికి. కాయకు, కూలీలకు, కరెంటుకు, బాయిలర్‌లో వేసే కట్టెలకు, సంచులకు, డ్రమ్ములకు అన్నిటికీ అప్పుడే కావాలి. తీసిన గుజ్జు మాత్రం తర్వాతి సీజన్ దాకా గోడౌన్‌లో ఉండి, జ్యూస్ కంపెనీలకూ గల్ఫ్, ఐరోపా దేశాలకూ విడతలుగా వెళ్తుంది. ఆ డబ్బు ఇంకా ఆలస్యంగా వస్తుంది.

ఇలాంటి ఫ్యాక్టరీ ఏడాది చివర లాభం చూపించి, అదే వారంలో రైతులకు డబ్బు ఇవ్వలేక చేతులెత్తేయవచ్చు. బయటి నుంచి చూసేవాళ్లకు అది మోసంలా కనిపిస్తుంది. కొన్నిసార్లు మోసమే కావచ్చు. చాలాసార్లు మాత్రం అందులో పనిచేసేది క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారంలోకి డబ్బు నిజంగా ఏ తేదీన వస్తోంది, ఏ తేదీన వెళ్తోంది అన్న లెక్క.

లాభం లెక్క వేరే పద్ధతిలో నడుస్తుంది. సరుకు పంపి బిల్లు కొట్టిన రోజే అది అమ్మకంగా పుస్తకంలోకి ఎక్కుతుంది. డబ్బు ముట్టిందా లేదా అని లాభనష్టాల పట్టిక అడగదు. అలా అడగకపోవడంలో తప్పేమీ లేదు. వ్యాపారం గిట్టుబాటు అవుతోందా లేదా తెలియాలంటే ఏ అమ్మకానికి ఏ ఖర్చు అయిందో జతపరిచి చూడాల్సిందే. కానీ ఆ పట్టికలో తేదీలు కనిపించవు. జీతాలకు, ఈఎంఐకి, కరెంటు బిల్లుకు తేదీలుంటాయి.

ఒక చిన్న ఫ్యాక్టరీని ఊహించుకుని లెక్క వేద్దాం. సీజన్‌లో 2,000 టన్నుల కాయ కిలో 8 రూపాయలకు కొన్నారు. అది 1.6 కోట్లు. తోతాపురిలో సుమారు రెండు టన్నుల కాయకు ఒక టన్ను గుజ్జు వస్తుంది కాబట్టి 1,000 టన్నుల గుజ్జు. కూలి, కరెంటు, ప్యాకింగ్ అన్నీ కలిపి కిలో గుజ్జుకు 18 రూపాయలు పడిందనుకుంటే ఇంకో 1.8 కోట్లు. మొత్తం ఖర్చు 3.4 కోట్లు, ఆగస్టు చివరికల్లా అంతా చేయి దాటిపోయింది. గుజ్జు కిలో 42 రూపాయలకు అమ్మితే 4.2 కోట్లు. వడ్డీ కట్టకముందు లాభం 80 లక్షలు. కాగితం మీద చక్కటి వ్యాపారం.

ఇప్పుడు తేదీలు వేయాలి. సెప్టెంబరు నుంచి జూన్ దాకా పది నెలల్లో, నెలకు 42 లక్షల చొప్పున సరుకు పోయిందనుకుందాం. కొన్నవాళ్లు 90 రోజులకు డబ్బు ఇస్తారు. సెప్టెంబరు సరుకు డబ్బు డిసెంబరులో వస్తుంది. వచ్చే జూన్ చివరికి ఏడు నెలల సరుకు డబ్బే చేతికందుతుంది, అంటే 2.94 కోట్లు. పెట్టింది 3.4 కోట్లు. గుజ్జు మొత్తం అమ్ముడైపోయింది, లాభం 80 లక్షలని పుస్తకం చెబుతోంది, చేతిలో మాత్రం 46 లక్షలు తక్కువ. మిగతా 1.26 కోట్లు కొన్నవాళ్ల దగ్గర బాకీగా ఉన్నాయి.

ఇందులో వడ్డీ ఇంకా కలపలేదు. 3.4 కోట్లూ అప్పు తెచ్చినవైతే, ఏడాదికి 12 శాతం చొప్పున, డబ్బు వచ్చినప్పుడల్లా అసలు తీర్చుకుంటూ పోయినా సెప్టెంబరు నుంచి జూన్ దాకా వడ్డీ 25 లక్షలు దాటుతుంది. లాభం 55 లక్షలకు దిగింది, చేతిలో లోటు 71 లక్షలకు పెరిగింది. సరిగ్గా ఆ సమయానికే తోటల్లో కొత్త కాయ కోతకు వస్తుంది, మళ్లీ 3.4 కోట్లు కావాలి.

కొన్నవాళ్లు మూడు నెలలకు బదులు ఐదు నెలలకు ఇస్తే? పుస్తకంలో అమ్మకం లెక్క మారదు. జూన్ చివరికి వచ్చేది మాత్రం 2.1 కోట్లే. వడ్డీ కాకుండానే లోటు 1.3 కోట్లు అవుతుంది. ధర మారలేదు, నాణ్యత మారలేదు, కాయ ఖర్చు మారలేదు. తేదీ ఒక్కటే అరవై రోజులు జరిగింది.

కంపెనీలు వార్షిక లెక్కల్లో ఇచ్చే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ చేసేది ఇదే పని. ఎక్కువ కంపెనీలు లాభంతో మొదలుపెట్టి వెనక్కి నడుస్తాయి. పై ఫ్యాక్టరీకి రాస్తే, వడ్డీ పోను లాభం 55 లక్షలు, అందులోంచి పెరిగిన బాకీలు 1.26 కోట్లు తీసేస్తే మిగిలేది మైనస్ 71 లక్షలు. లెక్క కలిసింది. యంత్రాల తరుగుదల ఉంటే దాన్ని తిరిగి కలుపుతారు, ఎందుకంటే అది లాభాన్ని తగ్గిస్తుంది కానీ ఆ ఏడాది జేబులోంచి డబ్బేమీ తీయదు. ఆ స్టేట్‌మెంట్‌లో మూడు భాగాలుంటాయి. రోజువారీ వ్యాపారం నుంచి వచ్చిపోయిన డబ్బు, యంత్రాలు, స్థలాల కొనుగోలు అమ్మకాల డబ్బు, అప్పులు, వాటాల ద్వారా వచ్చిపోయిన డబ్బు. చదివేవాళ్లు ముందు చూడాల్సింది మొదటి భాగం. అది ఏళ్ల తరబడి మైనస్‌లో ఉండి, మూడో భాగం ప్లస్‌లో ఉంటే ఆ వ్యాపారం అప్పుల మీద బతుకుతోందని అర్థం, లాభం ఎంత చూపించినా సరే. కంపెనీల చట్టం ప్రకారం చిన్న కంపెనీలకు ఈ స్టేట్‌మెంట్ తప్పనిసరి కాదు. నిజానికి దీని అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే, ఎందుకంటే పెద్ద కంపెనీకి ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకు తలుపు తీస్తుంది.

బ్యాంకు లిమిట్ ఎందుకు సరిపోదు

మరి బ్యాంకులు ఉన్నది దీనికే కదా అనిపిస్తుంది. క్యాష్ క్రెడిట్, వ్యాపారుల భాషలో సీసీ లిమిట్, అంటే ఒక హద్దు దాకా కావలసినప్పుడు తీసుకుని, వచ్చినప్పుడు తిరిగి జమ చేసే అప్పు ఖాతా, పెట్టింది ఈ మధ్య దూరాన్ని దాటించడానికే. కానీ చిన్న పరిశ్రమలకు వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ నడకకు కావలసిన డబ్బు, ఇవ్వడంలో బ్యాంకులు వాడే నాయక్ కమిటీ (ఆర్‌బీఐ వేసిన కమిటీ) సూత్రం ప్రకారం, ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం లిమిట్‌గా వస్తుంది. పెట్టిన డబ్బు మూడు నెలలకోసారి తిరిగి చేతికొస్తుందన్న ఊహ ఆ సూత్రం అడుగున ఉంది. మన ఫ్యాక్టరీకి 4.2 కోట్ల అమ్మకాల మీద వచ్చేది 84 లక్షలు. ఆగస్టులో కావలసింది 3.4 కోట్లు, అంటే అమ్మకాల్లో 80 శాతానికి పైనే. ఏడాదంతా నడిచే బేకరీకి సరిపోయే సూత్రం రెండు నెలల మామిడికి ఎలా సరిపోతుంది? అందుకే ఇలాంటి పరిశ్రమలు సీజన్‌కు విడిగా పెద్ద లిమిట్ అడుగుతాయి, లేదా గుజ్జు నిల్వను తాకట్టు పెట్టి అప్పు తెస్తాయి. నెలవారీ క్యాష్ ఫ్లో అంచనా కాగితం చేతిలో లేకుండా బ్రాంచికి వెళ్తే 20 శాతమే దిక్కు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మంజూరైన లిమిట్ మొత్తం వాడుకోవడానికి కుదరదు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నిల్వలు, రావాల్సిన బాకీలు కలిపి, కట్టాల్సిన బాకీలు తీసేసి, మార్జిన్ (యజమాని సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా) కోసి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల తీసుకోగల మొత్తం, తేలుస్తుంది. ఆ బాకీల్లో 90 రోజులు దాటినవాటిని చాలా బ్యాంకులు లెక్కలోకే తీసుకోవు. దాంతో కొన్నవాడు ఆలస్యం చేస్తే దెబ్బ రెండువైపులా తగులుతుంది. వాడి డబ్బు రాదు, వాడి బాకీ చూపించి బ్యాంకు దగ్గర తీసుకునే వీలూ పోతుంది. డబ్బు బాగా అవసరమైన నెలలోనే లిమిట్ తగ్గడం చూసి బ్యాంకు కక్ష కట్టిందనుకునే యజమానులు ఉన్నారు. బ్యాంకు చేసింది కూడికలు, తీసివేతలు మాత్రమే.

సీసీ డబ్బుతో షెడ్డు కట్టడం, యంత్రం కొనడం మరో పాత తప్పు. సరుకు అమ్ముడైతే తిరిగొచ్చే డబ్బును సిమెంటులో పోస్తే అది ఏడెనిమిదేళ్లకు గానీ తిరిగి రాదు. ఆ తర్వాత ఖాతా ఎప్పుడూ లిమిట్ అంచున వేలాడుతూ ఉంటుంది. 90 రోజుల పాటు అలా లిమిట్ దాటే ఉంటే, లేదా ఆ 90 రోజుల్లో ఖాతాలో జమలే లేకపోతే, ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అది మొండి బాకీ. ఇక్కడా లాభం ఎంత అని ఎవరూ అడగరు.

తిరుపతిలో దీనికి తలకిందులు

చిత్తూరు నుంచి గంటన్నర ప్రయాణం చేసి తిరుపతి వస్తే డబ్బు నడక పూర్తిగా ఎదురు దిశలో కనిపిస్తుంది. బస్టాండు దగ్గరి టిఫిన్ హోటల్లో ఇడ్లీ ప్లేటు టేబుల్ మీదికి రాకముందే టోకెన్ డబ్బు వచ్చేస్తుంది. క్యూఆర్ కోడ్ కొట్టిన మరుక్షణం ఖాతాలో పడుతుంది. బియ్యం, పప్పు, నూనె ఇచ్చిన మండీకి మాత్రం ఇరవై రోజులకోసారి లెక్క చూస్తారు. రోజుకు 12,000 రూపాయల సరుకు వాడే హోటల్‌లో ఇరవై రోజుల గడువంటే 2.4 లక్షల మండీ డబ్బు ఎప్పుడూ హోటల్ చేతిలోనే తిరుగుతుంటుంది. వడ్డీ లేదు, తాకట్టు లేదు. వ్యాపారం పెరిగితే ఆ మొత్తం కూడా పెరుగుతుంది. లాభం తక్కువగా ఉన్న హోటల్ కూడా చేతిలో డబ్బుతో కళకళలాడటం వెనక ఉన్న రహస్యం ఇంతే.

లాడ్జీలది మరో అడుగు ముందుకు. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవులకు గదులు ముందే బుక్ అవుతాయి, అడ్వాన్సు ముందే వస్తుంది. ఇంకా చేయని పనికి డబ్బు చేతిలో ఉంది. లెక్కల ప్రకారం అది ఆదాయం కాదు, యాత్రికులకు పడిన బాకీ. గుజ్జు ఫ్యాక్టరీలో లాభం ఉండి డబ్బు ఉండదు, ఇక్కడ డబ్బు ఉండి లాభం ఇంకా పుట్టి ఉండదు.

ఈ రెండో పరిస్థితి మొదటిదానికంటే ప్రమాదకరం అని వాదించవచ్చు. చేతిలో డబ్బు లేని యజమాని భయపడి జాగ్రత్తగా ఉంటాడు. చేతినిండా డబ్బు ఉన్నవాడికి అందులో తనదెంత, మండీదెంత, యాత్రికుడిదెంత అన్నది గుర్తుండదు. రద్దీ నెలల్లో గల్లాపెట్టె చూసి ఇంకో లాడ్జి లీజుకు తీసుకోవడం, రేణిగుంట రోడ్డులో ప్లాటుకు బయానా ఇవ్వడం అలా మొదలవుతాయి. పరీక్షల కాలంలో రద్దీ పలచబడగానే మండీ బిల్లు, లీజు అద్దె, జీతాలు ఒకేసారి గుమ్మం ముందుకొస్తాయి.

2020 ఈ లెక్కను ఊరందరి ముందూ విప్పి చూపించింది. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. సాధారణ భక్తులకు మళ్లీ మొదలైంది జూన్ 11న, అదీ పరిమిత సంఖ్యలో. దాదాపు 80 రోజులు. లాడ్జీలు, ట్యాక్సీలు, పూజా సామగ్రి దుకాణాలు, బొమ్మల షాపులు అన్నిటికీ రాబడి ఒక్క రోజులో సున్నా అయింది. చెల్లించాల్సినవి మాత్రం పాత అమ్మకాల స్థాయిలోనే మిగిలాయి. ఇరవై రోజుల మండీ బిల్లు, బుకింగులు రద్దు చేసుకున్నవాళ్లకు వాపసు ఇవ్వాల్సిన అడ్వాన్సులు, నెల జీతాలు. ముందుగా డబ్బు వచ్చే వ్యాపారంలో అమ్మకాలు పెరిగినంత కాలం ఎదుటివాళ్ల డబ్బు మనల్ని మోస్తుంది. అమ్మకాలు పడిపోయిన రోజు ఆ డబ్బంతా ఒక్కసారిగా వెనక్కి లాగుతుంది. ఆ నెలల్లో నిలదొక్కుకున్నవి ఎక్కువ లాభం చూపిన దుకాణాలే కానక్కరలేదు. మూడు నెలల అద్దె, జీతాలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్న దుకాణానికి లాభం కాస్త తక్కువైనా ఊపిరి నిలిచింది.

20వ తేదీ, 45వ రోజు

రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు చిన్న ఫ్యాబ్రికేషన్, ప్యాకింగ్ యూనిట్లది మూడో రకం కథ. సరుకు ఏడాదంతా పోతుంది, కొనేది పెద్ద కంపెనీ కాబట్టి డబ్బు మునిగిపోతుందన్న భయం తక్కువ. టెన్షనంతా ఎప్పుడొస్తుందన్నదే.

జూన్ 5న 10 లక్షల సరుకు పంపి, 18 శాతం జీఎస్టీ 1.8 లక్షలు కలిపి బిల్లు ఇచ్చారనుకుందాం. నెలనెలా రిటర్న్ వేసే యూనిట్ అయితే ఆ పన్ను జులై 20కల్లా కట్టాలి. ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్ను 1.1 లక్షలు మినహాయించుకున్నా, ఇంకో 70 వేలు జేబులోంచే. కంపెనీ 90 రోజులకు, అంటే సెప్టెంబరు 3న డబ్బు ఇస్తుంది. కొన్నవాడి దగ్గర వసూలు చేయాల్సిన పన్నును 45 రోజుల ముందే సొంత డబ్బుతో ప్రభుత్వానికి కట్టడమన్నమాట. ఇలాంటి బిల్లులు నెలకు ఐదారు ఉంటే, ఆర్డర్లు పెరిగే కొద్దీ కష్టం పెరుగుతుంది. వ్యాపారం బాగా పెరుగుతున్న ఏడాదే యజమాని భార్య నగలు బ్యాంకుకు చేరడం చిన్న పరిశ్రమల్లో తరచూ కనిపించే విచిత్రం. పెరిగిన ప్రతి ఆర్డరుకూ ముందు ఇనుము కొనాలి, కూలి ఇవ్వాలి, పన్ను కట్టాలి. డబ్బు ఆ తర్వాత.

చట్టం ఒకటి ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు ఇవ్వాలి, ఆ గడువు 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అయితే అమ్మకాల్లో ముప్పాతిక భాగం ఒకే కంపెనీకి ఇచ్చే యూనిట్, ఆ కంపెనీ మీద ఫిర్యాదు చేసి తర్వాతి నెల ఆర్డరు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? హక్కు ఉండటం వేరు, వాడుకోగలగడం వేరు.

2023లో ఆదాయపు పన్ను చట్టానికి చేసిన సవరణ ఈ సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకుంది. చిన్న యూనిట్‌కు గడువులోగా ఇవ్వని డబ్బును కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, నిజంగా చెల్లించిన ఏడాదే చూపించాలి. ఎవరూ ఫిర్యాదు చేయక్కరలేదు, ఆడిటరే అడుగుతాడు. ఈ చట్టాలన్నిటిలోకీ తెలివైన ఏర్పాటు ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ఆలస్యం చేసినవాడికే డబ్బు నొప్పి తెలుస్తుంది. లోటూ ఉంది. మధ్యతరహా పరిశ్రమలకు, సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు. గుజ్జు కొన్న విదేశీ కంపెనీ మీద మన ఆదాయపు పన్ను శాఖ ఏమీ చేయలేదు.

బిల్లునే అమ్ముకునే దారి కూడా ఉంది. ట్రెడ్స్ అనే ఎలక్ట్రానిక్ వేదికల మీద, పెద్ద కంపెనీ ఒప్పుకున్న బిల్లును బ్యాంకులు పోటీపడి తగ్గింపు ధరకు కొంటాయి. గడువు తీరాక కంపెనీ బ్యాంకుకే కడుతుంది. 250 కోట్లకు మించి అమ్మకాలున్న కంపెనీలు వీటిలో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. నమోదైన కంపెనీ బిల్లును సమయానికి ఒప్పుకుంటేనే ఉపయోగం.

ఇవేవీ కుదరనప్పుడు బేరం ఆడుకోవచ్చు. రెండు నెలలకు వచ్చే డబ్బు ఇప్పుడే ఇస్తే 2 శాతం తగ్గిస్తామంటే, ఆ తగ్గింపు ఏడాది వడ్డీగా చూస్తే సుమారు 12 శాతం. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే 24 శాతం. తగ్గింపు ఇవ్వడానికి మనసొప్పక, అంతకు రెట్టింపు వడ్డీ కట్టే వ్యాపారులు బజారులో తక్కువేం కాదు. తగ్గింపు కళ్లముందే పోయినట్టు అనిపిస్తుంది, వడ్డీ నెలనెలా కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి తెలియదు.

చివరి వరసలో రైతు

గుజ్జు కొన్న కంపెనీ ఫ్యాక్టరీకి ఆలస్యం చేస్తుంది, ఫ్యాక్టరీ ర్యాంపుకు (రైతుల దగ్గర కాయ కొని ఫ్యాక్టరీకి చేర్చే కేంద్రానికి) ఆలస్యం చేస్తుంది, ర్యాంపు రైతుకు ఆలస్యం చేస్తుంది. డబ్బు లోటు ఎక్కడా మాయం కాదు, బేరమాడే బలం తక్కువున్న చేతుల్లోకి జారుతూ పోతుంది. "దుడ్లు ఎప్పుడిస్తారున్నా?" అని రైతు అడిగితే "పైనుంచి రానీ, ఇచ్చేస్తాం" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు చాలాసార్లు నిజం కూడా. అది నిజమైనంత మాత్రాన రైతుకు ఒరిగేదేమీ లేదు. మన ఊహా ఫ్యాక్టరీ కాయ డబ్బు 1.6 కోట్లు ఆరు నెలలు ఆపుకుంటే, బ్యాంకులో 12 శాతానికి తెచ్చుకునే అప్పు అంత మేర తగ్గి సుమారు 9.6 లక్షల వడ్డీ మిగులుతుంది. ఆ అప్పు ఇచ్చినవాళ్లు రైతులు, వడ్డీ లేకుండా, పత్రం లేకుండా, అడగకుండానే.

2025 సీజన్‌లో ఇది రోడ్డెక్కింది. ముందు ఏడాది గుజ్జు నిల్వలు ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోకుండా ఉండిపోయాయి. నిల్వ అంటే డ్రమ్ముల్లో ఇరుక్కున్న డబ్బు. అది బయటికి రానిదే కొత్త కాయ కొనడానికి ఫ్యాక్టరీల దగ్గర ఉత్సాహమూ లేదు, డబ్బూ లేదు. దిగుబడి బాగా వచ్చింది, ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అందేలా ఏర్పాటు ప్రకటించింది. ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది. ఆ 8 రూపాయలు పూర్తిగా ఇవ్వడం లేదని, ఇచ్చేదీ ఆలస్యం చేస్తున్నారని రైతులు సీజన్ అయిపోయాక కూడా ఆందోళనలు చేశారు. ఆ ప్రకటనలో ధర స్పష్టంగా ఉంది. ధరతో సమానంగా పట్టించుకోవాల్సిన గడువు మాత్రం వెనకబడింది.

చెరకుకు అలా కాదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ ఉత్తర్వు ఉన్నా దేశమంతటా చెరకు బకాయిలు పేరుకుపోవడం అందరికీ తెలిసిందే. అయినా ఎంత ఆలస్యమైంది, ఎంత వడ్డీ రావాలి అని అడగడానికి చెరకు రైతు చేతిలో ఒక అంకె ఉంది. మామిడి రైతుకు అలాంటిది లేదు. ఎంఎస్‌ఎంఈ చట్టంలోని 45 రోజులూ తోటదాకా రావు.

ఈ జిల్లాలో రైతు కుటుంబాలు క్యాష్ ఫ్లో పాఠాన్ని పుస్తకంలో చదవకుండానే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. తోట ఉన్నా, వేరుశనగ వేసినా, కొట్టంలో ఒకటి రెండు ఆవులు తప్పకుండా ఉంటాయి. దాణా, గడ్డి, పశువైద్యం, ఇంట్లోవాళ్ల కష్టం లెక్క కడితే లీటరు పాల మీద మిగిలేది చాలా తక్కువ, ఒక్కోసారి ఏమీ మిగలదు. ఇంత తక్కువ లాభానికి తెల్లవారుజామున లేచి ఎందుకు పిండటం అని బయటివాళ్లు అడుగుతారు. పాల కేంద్రం ఇచ్చే చీటీ చూస్తే జవాబు తెలుస్తుంది. అందులో పూటపూటకూ లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం), రేటు ఉంటాయి. అప్పుగా తీసుకున్న దాణా బస్తా సొమ్ము కోసేసుకుని, మిగిలింది పదిరోజులకో పదిహేను రోజులకో ఖాతాలో పడుతుంది. పిల్లల ఫీజు, కరెంటు బిల్లు, సంఘం కంతు ఆ తేదీలను బట్టే కట్టుకుంటారు. మామిడి నుంచి వచ్చేది పెద్ద మొత్తమే, కానీ ఏడాదికి ఒక్కసారి, అదీ ఎప్పుడో తెలియదు. పాలలో లాభం సన్నం, తేదీ గట్టిది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకున్న ఇల్లు, ఒకే పెద్ద కంపెనీని నమ్ముకున్న ఫ్యాక్టరీ కంటే డబ్బు విషయంలో తెలివిగా నడుస్తున్నట్టే.

అదే తెలివిని కాయ బేరంలోనూ లెక్క కట్టి చూడవచ్చు. మందులకు, కోత కూలికి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు ఆరు నెలల్లో వంద రూపాయల మీద 12 రూపాయలు వడ్డీ అవుతుంది. ఆరు నెలల తర్వాత చేతికొచ్చే 8 రూపాయలు అతనికి ఈ రోజు 7 రూపాయల 14 పైసలతో సమానం. ఒక ఫ్యాక్టరీ 8 రూపాయలు రాసుకుని సంక్రాంతి దాటాక ఇస్తానంటే, పక్క ఫ్యాక్టరీ 7 రూపాయల 25 పైసలు ఈ వారమే ఖాతాలో వేస్తానంటే, రెండోదే ఎక్కువ ధర. ఒక టన్నుకు సుమారు 107 రూపాయలు, పది టన్నుల లోడుకు సుమారు 1,070 రూపాయలు ఎక్కువ.